పైలట్ మొక్రాన్

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే మొక్రాన్ మాట మార్చేసేవాడు. సిగ్గుపడి కాదు, వివరించే ఓపిక లేక. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి వాళ్ల ఊళ్లో తస్సదిత్ పిన్నికి కూర్చోబెట్టి చెప్పాడట. కంప్యూటరుకీ దానికి తగిలించిన యంత్రానికీ మధ్య ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది, అది లేకపోతే ఒకదాని మాట ఒకదానికి తెలియదు, దాన్ని చూసుకోవడమే నా పని అన్నాడు. దాని పేరేమిట్రా అని ఆవిడ అడిగింది. మిగతా లోకం డ్రైవర్ అనే దాన్ని మా అల్జీరియాలో ఫ్రెంచి అలవాటు కొద్దీ పైలట్ అంటాం. అతనూ ఆ మాటే చెప్పాడు. పొద్దు వాలేసరికి మా మొక్రాన్ పైలట్ అయ్యాడన్న కబురు కొండ మీద ఇళ్లన్నీ తిరిగొచ్చింది. ఆ తర్వాత అతను ఊరికి వెళ్లినప్పుడల్లా కాఫీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు, "విమానం ఎక్కడ దింపావు?" అని అడిగేవాళ్లు. మొదట్లో నవ్వేవాడు. పోను పోను, "కింద పార్క్ చేశా" అని కాఫీ తాగి వచ్చేసేవాడు.

నా పేరు తాయెబ్. పుట్టుకతోనే చూపు లేదు. అల్జియర్స్‌లోని బ్రెయిలీ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతాను, వేళ్లతో. అక్కడ మొక్రాన్‌దీ నాదీ పక్కపక్క గదులు. అతను ఎలా ఉంటాడో నాకు తెలియదు గానీ, మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతాడని తెలుసు. కప్పు బల్ల మీద పెట్టే ముందు గాల్లో కాసేపు పట్టుకుంటాడని తెలుసు. కోపం వస్తే గొంతు తగ్గుతుంది. సంతోషం వస్తే ఏమీ మాట్లాడడు.

మా ముద్రణాలయంలో చుక్కలు పొడిచే యంత్రం ఒకటుంది. బీరువా అంత ఉంటుంది. లోపలి చిన్న చిన్న సుత్తులు మందపాటి కాగితం మీద పడి చుక్కలు లేపుతాయి. ఎప్పుడో ఐరోపా నుంచి ఎవరో కానుకగా పంపారు. చేసిన కంపెనీ తర్వాత మూతపడింది. పోతూ పోతూ వాళ్లు చేసిన మంచి పని, ఆ యంత్రాన్ని నడిపించే డ్రైవర్ మూలాన్ని, అంటే మనిషి చదవగలిగే రూపంలో ఉన్న ప్రోగ్రాంను, ఇచ్చేసి వెళ్లడం. లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ మీద నడిచే ఆ డ్రైవర్‌ను అప్పటినుంచీ మొక్రానే సాకుతున్నాడు.

సాకడం అని ఊరికే అనడం లేదు. లినక్స్‌కు కెర్నెల్ అని గుండెకాయ లాంటిది ఒకటుంటుంది. కొన్నాళ్లకొకసారి అది మారుతుంది. మారినప్పుడల్లా డ్రైవర్‌ను ఆ కొత్త కెర్నెల్‌కు సరిపోయేలా మళ్లీ కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలో కట్టి, మళ్లీ ఎక్కించాలి. పాత కెర్నెల్‌కు కట్టినదాన్ని కొత్తది గడప తొక్కనివ్వదు. పెద్ద కంపెనీల యంత్రాలకైతే ఈ సంగతి చూసుకునేవాళ్లు లోకమంతా ఉంటారు. మా యంత్రానికి మొక్రాన్ ఒక్కడే. "నిన్న నడిచింది ఇవాళ కూడా నడవాలి. ఇంతే నా ఉద్యోగం. కొత్తగా చేసిందేమిటని అడిగితే చూపించడానికి ఏమీ లేదు" అని ఒకసారి నాతో అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. చెప్పులో రాయి ఉందని చెప్పినట్టు చెప్పాడు.

అన్నిటికంటే అతన్ని అరగదీసింది జూన్ నెల. బడి చదువు ముగించే బాకలోరియా పరీక్ష వస్తుందంటే మా దేశంలో ఎండాకాలం వచ్చినట్టే, ఎవరూ తప్పించుకోలేరు. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కకుండా వాటితో పనిచేసేవాళ్లందరినీ ముందే లోపల పెట్టి తాళం వేస్తారు. చూపులేని పిల్లల కోసం బ్రెయిలీలో ముద్రించే మమ్మల్నీ అంతే. నగరం పైన కొండ మీద ఒక పాత శిక్షణ కేంద్రం. మా యంత్రాన్నీ మాతోపాటే అక్కడికి చేరుస్తారు. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. ఇంటర్నెట్ ఉండదు. తలుపులు మూశాక లోపలికి కూరగాయలు తప్ప ఇంకేమీ రాదు, బయటికి చెత్త కూడా పోదు. చివరి పరీక్ష మొదలైతే గానీ మమ్మల్ని వదలరు. మా జట్టుకు పెద్ద వర్దా గారు. లెక్కల టీచరుగా చేసి ఈ పనిలోకి వచ్చిన మనిషి. అందరం ఆవిడను మదామ్ అంటాం. మూల ప్రతిని చుక్కల్లోకి మార్చి ఆవిడ ఇస్తే, మొక్రాన్ ముద్రిస్తాడు, నేను చదివి తప్పులు చెబుతాను.

ఏటా ఇదే. మొక్రాన్ భార్య జెజ్జిగా, జూన్‌లో నేను విధవరాలినని వచ్చినవాళ్లందరితో అనేదట. వాళ్లకు పిల్లలు లేరు. సొంత పిల్లలు పరీక్ష రాస్తుంటే ఆ ఏడాది లోపలికి రానివ్వరు. ఆ మినహాయింపు అతనికి అన్నేళ్లూ దొరకలేదు.

నేను చెప్పబోయే ఏడాది, చలికాలంలో మా పాత కంప్యూటర్ చచ్చిపోయింది. సరఫరా విభాగం కొత్తది ఇస్తామంది, అందులో ఫలానా లినక్స్ ఉంటుందని చెప్పింది. మొక్రాన్ దానికి సరిపడే సామగ్రి అంతా ఒక డిస్క్‌లో సర్దుకున్నాడు. డ్రైవర్ మూలం, దాన్ని కట్టడానికి కావాల్సిన పనిముట్లు, ఆ కెర్నెల్‌కు చెందిన హెడర్ ఫైళ్లు. హెడర్లంటే కెర్నెల్ లోపలి కొలతలు రాసి ఉన్న ఫైళ్లు. అవి లేకుండా డ్రైవర్‌ను కట్టడం, మనిషిని చూడకుండా చొక్కా కుట్టడమే. ఎందుకైనా మంచిదని ఇంకాస్త కొత్త కెర్నెల్ మూలం మొత్తం కూడా అందులో వేసుకున్నాడు.

తలుపులు మూశారు. సీళ్లు వేశారు. నేరుగా అక్కడికే చేరిన కొత్త కంప్యూటర్‌ను మొక్రాన్ ఆన్ చేసి, ఒక ఆదేశం కొట్టాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అదే ఆదేశం మళ్లీ కొట్టడం వినిపించింది.

సరఫరా విభాగంలో ఎవరో మంచి మనసున్న మనిషి, పంపే ముందు ఆ కంప్యూటర్‌ను అప్‌డేట్ చేశాడు. కెర్నెల్ సంఖ్యలో చివరి భాగం మారింది. మొక్రాన్ తెచ్చిన హెడర్లు దానికి పనికిరావు. బయట ఉంటే ఇంటర్నెట్‌లోంచి సరైనవి దించుకోవడం టీ కాచుకునేంత పని. లోపల ఇంటర్నెట్ లేదు. గేటు దగ్గరి అధికారికి చెప్పి ఒక డిస్క్ తెప్పించమని వర్దా గారు అడిగి చూశారు. ఏదీ లోపలికి రాకూడదన్న నియమం మీరే సంతకం చేశారు కదమ్మా అన్నాడాయన. ఆవిడ తిరిగొచ్చి, ఎంతసేపు పడుతుందని మొక్రాన్‌ను అడిగారు.

"కాఫీ పెట్టించండి మదామ్. ఒకటి కాదు, ఫ్లాస్కు నిండా" అన్నాడు.

దారి ఒకటే ఉంది. తెచ్చుకున్న మూలంలోంచి కెర్నెల్ మొత్తాన్నీ తనే కంపైల్ చేయడం. అప్పుడు కెర్నెల్, హెడర్లు ఒకే చేతి మీద పుడతాయి, డ్రైవర్ వాటికి సరిపోతుంది. చొక్కాకు సరిపడే మనిషి దొరక్క మనిషినే తయారుచేసుకోవడం ఇదని అతనే అన్నాడు, నవ్వకుండా. ముందుగా ఏవి కావాలి, ఏవి అక్కర్లేదు అని యంత్రం అడిగే ప్రశ్నలకు జవాబులివ్వాలి. మధ్యాహ్నం దాకా అవే. ఆ తర్వాత కంపైల్ మొదలైంది. కంప్యూటర్ ఫ్యాన్ గట్టిగా తిరగడం వినిపించింది, గదిలో ఉక్క పెరిగింది. నా దగ్గర బ్రెయిలీ పట్టీ ఉంది. తెరమీది వాక్యం నా వేళ్ల కింద చుక్కలుగా లేచే పట్టీ అది. ఫైళ్ల పేర్లు దానిమీద గులకరాళ్లలా దొర్లిపోతూనే ఉన్నాయి. మొక్రాన్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడని అతని శ్వాసను బట్టి తెలిసింది.

"సీ తాయెబ్, నీకెప్పుడైనా ఇదంతా వదిలేసి పోవాలనిపిస్తుందా?" అని అడిగాడు. సీ అంటే మా దగ్గర గారు లాంటి మాట.

"ఎక్కడికి?"

"అదే, నాకూ అక్కడే ఆగిపోతుంది."

మర్నాడు కెర్నెల్ తయారైంది. కంప్యూటర్ దానితోనే లేచింది. ఇక డ్రైవర్. కంపైల్ చేస్తే వరసగా తప్పులు. కెర్నెల్‌లో గడియారాన్ని పిలిచే పద్ధతిని ఎప్పుడో మార్చేశారు. మా డ్రైవర్ పాత పేరుతోనే పిలుస్తోంది, అటువైపు ఆ పేరుగలవాళ్లెవరూ లేరు. మొక్రాన్ ఒక్కొక్క చోటూ పట్టుకుని, పాత పిలుపు తీసి కొత్తది రాస్తూ వచ్చాడు. నేను నా పట్టీ మీద అతని వెనకే చదువుతూ, ఎక్కడైనా అర్ధవిరామ చిహ్నం మరిచిపోతే చెప్పాను. ఎన్నో ఏళ్లుగా పక్కనే కూర్చోవడంతో ఆ మాత్రం పట్టుబడింది. చివరికి తప్పుల్లేకుండా కంపైల్ అయింది. కెర్నెల్‌లోకి ఎక్కించాడు. మూలనున్న యంత్రం ఒక్కసారి గొంతు సవరించుకుని, సుత్తులన్నీ ఒకమారు వేసి, నిద్రలేచింది.

అతను ఏమీ మాట్లాడలేదు.

లెక్కల పేపరు మొదటి ప్రతి నా చేతికొచ్చింది. కాగితం వెచ్చగా ఉంది. చదువుతూ పోయాను. మూడో ప్రశ్న దగ్గర ఒక సంఖ్య అనుమానంగా తగిలింది. బ్రెయిలీలో నాలుగు అంకెకు మూడు చుక్కలు. వాటిలో ఒకటి రాలిపోతే అది మూడవుతుంది. పేపరులో మూడు అని ఉంది. మదామ్‌ను అడిగితే మూల ప్రతిలో నాలుగని చెప్పారు. తర్వాతి పుటలో ఇంకొకటి. ఇంకో ప్రతి తీయించాను. ఈసారి ఆ తప్పులు లేవు, వేరేచోట ఉన్నాయి. ఇది ఇంకా చెడ్డ సంగతి. ఎప్పుడూ ఒకేచోట తప్పితే దిద్దుకోవచ్చు. ఎక్కడ రాలుతుందో తెలియని చుక్కను ఏం చేస్తాం? దాన్నందుకున్న పిల్ల లెక్కంతా సరిగ్గానే చేసి, జవాబు రాక, తప్పు తనదే అనుకుంటుంది.

మొక్రాన్ మళ్లీ మొదటికొచ్చాడు. పరీక్షలు ఇంకా మొదలు కాలేదు గానీ, పేపర్లు సంచుల్లో పడి, దూరాన ఉన్న కేంద్రాలకు బయల్దేరాల్సిన సమయం దగ్గరపడింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక వర్దా గారు గదిలోకి వచ్చారు. ఆవిడ నడక ఎప్పుడూ టకటకలాడుతుంది. ఆరోజు తలుపు దగ్గరే ఆగిపోయింది.

"మొక్రాన్, ఒకసారి కూర్చో" అన్నారు.

"కూర్చునే ఉన్నా కదా మదామ్."

"గేటు దగ్గరికి ఫోనొచ్చింది. మీ అన్నయ్య అక్లీ గారు... పొద్దున పోయారట. గుండెనొప్పి. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే."

దేవుడు ఆయన్ని కరుణించాలని నేనన్నాను. ఆవిడా అన్నారు. ఖననం ఎప్పుడని మొక్రాన్ అడిగాడు. రేపు మధ్యాహ్నం అన్నారావిడ.

అక్లీ సంగతి నాకు తెలుసు. తండ్రి తొందరగా పోతే ఇంటి బరువు ఎత్తుకున్న మనిషి. ఊరికీ తీజీ ఉజూ పట్టణానికీ మధ్య ప్రయాణికుల వ్యాను నడిపేవాడు. ఆ సంపాదనతోనే తమ్ముణ్ని పట్టణంలో ఉంచి ఎలక్ట్రానిక్స్ చదివించాడు. లేటుగా పెళ్లి చేసుకున్నాడు. ఒక్కతే కూతురు, తిజిరి.

వర్దా గారు నియమాలు చెప్పారు. దగ్గరి బంధువు పోతే వెళ్లనిస్తారు, ఇద్దరు పోలీసుల్ని వెంట పంపి. పరీక్షలు ముగిసేదాకా వాళ్లు పక్కనే ఉంటారు. ఫోన్ వాడకూడదు, ఎవరితోనూ ఒంటరిగా మాట్లాడకూడదు. వెళ్లినవాడు మళ్లీ లోపలికి రాకూడదు.

"ఇవాళ ఇది కానిచ్చి, రేపు పొద్దున్నే బయల్దేరినా అందుకుంటావు. నిన్ను బలవంతపెట్టను. అడగాల్సిన పని నాది కాబట్టి అడుగుతున్నాను" అన్నారు. నియమాల వెనక దాక్కోకుండా అడిగినందుకు ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది.

మొక్రాన్ కీబోర్డు వైపు తిరిగాడు. మీటలు కాసేపు పలికాయి. ఆగాయి. మళ్లీ పలికాయి. నా పట్టీ మీద అదే వాక్యం పైకి పోయి, కిందికొచ్చి, మళ్లీ అక్కడే నిలబడింది.

"సీ తాయెబ్, చదివిందే చదువుతున్నా. అక్షరాలు కనిపిస్తున్నాయి, అర్థం మాత్రం రావట్లేదు" అన్నాడు.

"లే, వెళ్లు."

"మరి పేపర్లు?"

"వెళ్లవయ్యా. ఈ రాత్రి ఆయన ఇంట్లో ఉంటాడు. రేపట్నుంచి ఉండడు."

అతను లేచాడు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు అయింది గానీ అడుగులు పడలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు. "అందులో పెద్ద విద్యేమీ లేదు తాయెబ్. ఓ మాట పంపడం, ఆగడం, మళ్లీ పంపడం. తప్పంతా ఆగే దగ్గరే ఎక్కడో ఉంది. నేను చూడలేకపోతున్నా. నువ్వు విను" అన్నాడు. అంతే. సంచీ కూడా తీసుకోలేదు. వర్దా గారు గేటు దాకా వెళ్లి సాగనంపి వచ్చారు.

గదిలో నేనూ ఆవిడా మిగిలాం.

"నీకు వచ్చా ఇది?" అని అడిగారు.

"రాదు మదామ్. లోపల ఇంకెవరికైనా వచ్చా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. యంత్రం చేత మళ్లీ ఒక పుట తీయించమన్నాను, చదవడానికి కాదు, వినడానికి. పాత కంప్యూటర్ ఉన్న రోజుల్లో ఆ యంత్రం నడక నా ఒంటికి అలవాటు. ముసలివాడు మెట్లు దిగుతున్నట్టు దిగేది, ఒక వరస, చిన్న విరామం, ఇంకో వరస. ఇప్పుడు ఆ విరామం నలిగిపోయింది. వెనక ఎవరో తోస్తున్నట్టు పరిగెడుతోంది. మొదట విన్నప్పుడు కొత్త కంప్యూటర్ కదా, చురుగ్గా ఉందనుకున్నాను. సుత్తి పూర్తిగా వెనక్కి రాకముందే దాన్ని మళ్లీ కొట్టమంటున్నాం. కొన్నిసార్లు కొడుతుంది, కొన్నిసార్లు కొట్టలేదు.

పట్టీ మీద డ్రైవర్ మూలాన్ని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను. మొక్రాన్ చెప్పింది నిజమే, అందులో సగం ఆగడాలే. ఒక్కొక్క వరస పంపాక రెండు టిక్కులు ఆగు అని ఒకచోట ఉంది. టిక్కు అంటే కెర్నెల్ తన లోపల కాలాన్ని కొలుచుకునే అడుగు. ఆ అడుగు అన్ని కెర్నెళ్లలోనూ ఒకే పొడవు ఉండదు. మొక్రాన్ కొత్త కెర్నెల్ కట్టేటప్పుడు ఇచ్చిన జవాబులున్న ఫైలు తెరిచి వెతికాను. పాతదానిలో సెకనుకు వంద అడుగులు. దీనిలో రెండొందల యాభై. అడుగు పొట్టిదైంది, మేం మాత్రం పాత లెక్కనే రెండడుగులు ఆగుతున్నాం. మదామ్‌ను లెక్క అడిగితే, ఆవిడ నేను ముగించకముందే ఐదు అన్నారు.

రెండు తీసి ఐదు పెట్టాను. కంపైల్ అయింది. ఎక్కించబోతే ఒప్పుకోలేదు. పాత డ్రైవర్ ఇంకా కూర్చునే ఉంది. దాన్ని దించబోతే వాడుకలో ఉందన్నది. ముద్రణ వరసను నడిపే ప్రోగ్రాంను ముందు ఆపాలని తెలుసుకోవడానికి నాకు చాలా సమయం పట్టింది. మొక్రాన్ ఇది చేస్తుండగా ఎన్నోసార్లు విన్నాను, వేళ్లు కొట్టే చప్పుడు వేరు, ఏం కొడుతున్నాయో తెలియడం వేరు. చివరికి దిగింది. కొత్తది ఎక్కింది. యంత్రం గొంతు సవరించుకుంది.

ముసలివాడు మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

ఆ ప్రతిని పూర్తిగా చదివాను. ఇంకొకటి తీయించి అదీ చదివాను. వర్దా గారు మూల ప్రతి పట్టుకుని పక్కనే అంకె అంకె పలికారు. ఒక్క చుక్కా రాలలేదు. వేలి కొసలు మండుతున్నాయి. ఆవిడ, "అయితే కానిద్దాం" అన్నారు, నేను సరేనన్నాను. ఆ పూట పప్పు పులుసు, రొట్టె పెట్టారు. తిన్నామో లేదో గుర్తులేదు. పేపర్లు సమయానికి సంచుల్లోకి వెళ్లాయి.

మొక్రాన్‌కు ఇదేదీ తెలియదు. తెలియనివ్వకూడదు. అటువైపు జరిగింది నేను ఎండలు తగ్గాక అతని నోటే విన్నాను.

పోలీసు జీపు ఊళ్లోకి వెళ్లేసరికి శోకానికి కూడిన జనం లేచి నిలబడ్డారట. అతను జీపు దిగాడు, అటొక పోలీసు, ఇటొక పోలీసు. నెలాఖరు దాకా కనిపించని మనిషి, అన్న చచ్చిన రోజున ఇలా వచ్చాడు. ఏం చేశాడని ఎవరూ అడగలేదు. దారి ఇచ్చారు. తస్సదిత్ పిన్ని మాత్రం తిన్నగా వచ్చి పెద్ద పోలీసు ఎదుట నిలబడింది. ఆయన పేరు లఖ్దర్.

"ఏం చేశాడు మావాడు? విమానం కూల్చాడా?" అని అడిగింది.

"ఏ తప్పూ చేయలేదమ్మా. డ్యూటీలో ఉన్నారు."

"డ్యూటీలో ఉన్నవాణ్ని కాపలా కాస్తారా?"

"మా డ్యూటీ అదమ్మా."

ఆవిడ కాసేపు ఆలోచించి, అయితే మీరూ లోపలికొచ్చి కూర్చోండి, ఎండలో నిలబడితే మా ఇంటికి మర్యాద కాదంది.

మొక్రాన్ అన్న పక్కన కూర్చుని ఆ రాత్రి గడిపాడు. మర్నాడు ఖననంలో పాడె మోశాడు. లఖ్దర్ ఊరికే నిలబడి చూడలేక తనూ ఒక పార అందుకుని మట్టి పోశాడట. దూరం నుంచి రాలేని చెల్లెలు ఫోన్ చేస్తే, బావమరిది ఫోన్ పట్టుకుని స్పీకరులో పెట్టాడు. లఖ్దర్ పక్కన కూర్చుని నేలకేసి చూశాడు. ఆమె ఏడుపు విన్నాక, ఇంకొంచెం సేపు మాట్లాడనివ్వండని తనే అన్నాడు.

కష్టమంతా తిజిరి దగ్గర వచ్చింది. ఆ పిల్ల ఆ ఏడాదే బాకలోరియా రాస్తోంది. చూపున్న పిల్ల, మామూలు పేపరే. అయినా ప్రశ్నలు చూసిన మనిషి, పరీక్ష రాసే పిల్ల ఒకే ఇంట్లో ఉండటమా? వాళ్లిద్దరికీ మధ్య గోడలా నిలబడటమే ఇక ఆ పోలీసుల పని అయింది. ఆమె వంటింట్లో ఉంటే ఇతను వాకిట్లో. ఆమె వాకిట్లోకొస్తే ఇతన్ని లోపలికి పంపేవారు. తండ్రి పోయిన పిల్ల చిన్నాన్న దగ్గరికి రాబోయి ఆగిపోయేది. చివరికి లఖ్దర్, "నా ఎదురుగానే మాట్లాడండి. ఒక్క నిమిషం. చదువు మాట రాకూడదు" అన్నాడు.

తిజిరి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏం మాట్లాడాలో తట్టలేదు తాయెబ్. ఏ మాటన్నా అందులో ప్రశ్న ఉందంటారేమో అనిపించింది. తిన్నావా అని అడిగా" అని మొక్రాన్ నాకు చెప్పాడు.

"ఏమంది?"

"లేదంది. వెళ్లి తినమ్మా అన్నా. వెళ్లింది. అంతే, నిమిషం అయిపోయింది."

పరీక్షలయ్యేదాకా పోలీసులు అతని గదిలోనే పడుకున్నారు. తస్సదిత్ పిన్ని రోజూ ముగ్గురికీ ఒకే పళ్లెంలో కుస్‌కుస్ పెట్టింది. వెళ్లిపోయేటప్పుడు చిన్న పోలీసుకు అంజూరపండ్లు కట్టిచ్చి, పెళ్లి చేసుకోమని చెప్పిందట.

తిజిరి ఆ ఏడు తప్పింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఆ పిల్లతో సహా. మొక్రాన్, జెజ్జిగా ఆమెనూ తల్లినీ తమ దగ్గరికి రమ్మన్నారు. తల్లి ఊరు వదలనంది. అందుకని మొక్రానే వారం వారం కొండెక్కి వెళ్లి వచ్చేవాడు. కోర్టులో పిల్ల సంరక్షకుడిగా అతని పేరే రాయించారు. ఇది విన్నప్పుడు నాకేమీ తట్టలేదు. మరుసటి ఏప్రిల్‌లో లోపలికి వెళ్లేవాళ్ల పేర్లు అడిగినప్పుడు వర్దా గారికి తట్టింది. సంరక్షణలో ఉన్న పిల్ల మళ్లీ పరీక్ష రాస్తోంది కాబట్టి, నియమం ప్రకారం మొక్రాన్ లోపలికి రాకూడదు.

ఆ మాట ఆవిడ చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అతను కప్పు గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మరి యంత్రం?" అన్నాడు.

"తాయెబ్ ఉన్నాడుగా" అన్నారావిడ.

నాకు సంతోషం కలగలేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది. మే నెలంతా అతను నా పక్కన కూర్చుని నేర్పాడు. ఆ టిక్కుల లెక్కను కూడా సరిచేశాడు. నేను రెండు తీసి ఐదు పెట్టానే గానీ, అడుగు మళ్లీ మారితే మళ్లీ తప్పుతుంది. కాలాన్ని మిల్లీసెకన్లలోనే రాసి, ఎన్ని టిక్కులో కెర్నెల్‌నే లెక్కకట్టుకోమనాలని చూపించాడు. విసుక్కోలేదు, మెచ్చుకోలేదు. చెప్పిందే చెబుతూ మధ్యలో ఒక్కోసారి కునికేవాడు. కళ్ల కింద సంచులు పడ్డాయని జెజ్జిగా చెప్పింది. డాక్టరు దగ్గరికి వెళితే జబ్బేమీ లేదు, విశ్రాంతి తీసుకోమన్నాడట. ఎప్పుడని అడగడం మరిచిపోయానన్నాడు.

ఆ జూన్‌లో నేను లోపలికి వెళ్లాను. కెర్నెల్ మళ్లీ మారింది. ఈసారి హెడర్లు సరిగ్గానే ఉన్నాయి. అయినా ఒకచోట తప్పొచ్చింది. పక్క కుర్చీ ఖాళీగా ఉండగా వేళ్లతో ఆ వాక్యం మీద తిరుగుతూ, తలుపు తీసుకుని పారిపోవాలన్నంత అలసట మొదటిసారి నా మెడ మీద కూర్చుంది. అతను ఇన్నేళ్లూ దీన్ని మోశాడన్నమాట అనుకున్నాను. మరుసటి పూటకు దారి దొరికింది.

బయటికొచ్చాక ఫోన్ చేసి, అక్కడ ఎలా గడిచిందని అడిగాను. రోజూ తిజిరిని పరీక్ష కేంద్రం దాకా దిగబెట్టి, మిగతా తల్లిదండ్రులతో కలిసి గోడ నీడలో కూర్చున్నాడట. కాపీలు జరగకుండా పరీక్ష వేళల్లో దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు కాబట్టి ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ, పిల్లల పేర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు.

"నువ్వేం చెప్పావు?" అన్నాను.

"ఏం చెబుతా? గోడకు ఆనుకుని నిద్రపోయా. లెక్కల పరీక్ష రోజు గంట కొట్టినా మెలకువ రాలేదు. తిజిరి వచ్చి లేపింది."

"ఎలా రాసింది?"

"అడగలేదు. తిన్నాక చెబుతుందిలే అనుకున్నా."

పాసయింది. గొప్ప మార్కులేమీ కావు. తీజీ ఉజూలో కాలేజీలో చేరింది. మొక్రాన్ ఇప్పటికీ నా పక్క గదిలోనే ఉన్నాడు, మెట్ల మధ్యలో ఇప్పుడు ఒకసారి కాదు, రెండుసార్లు ఆగుతున్నాడు. జూన్‌లో మళ్లీ మమ్మల్నిద్దర్నీ రమ్మన్నారు. ఈసారి ఒకరు కంపైల్ చేస్తుంటే ఒకరు పడుకుందామని మాట్లాడుకున్నాం.